గల్లంతు – తొంభై ఆరు నాటి తుపాను

మన పత్రికల భాషలో "గల్లంతు" అన్న మాట విచిత్రమైన దారిన నడిచి వచ్చింది. పాత వ్యవహారంలో గల్లంతు అంటే అల్లరి, గోల, గందరగోళం. సంతలో గల్లంతు జరిగిందంటే అక్కడ నలుగురూ కేకలు వేసుకున్నారని అర్థం. ఎప్పుడు మారిందో, ఎలా మారిందో గాని, నేడు ఆ మాటను దాదాపు వ్యతిరేకార్థంలో వాడుతున్నాం. "సముద్రంలో మత్స్యకారులు గల్లంతు" అంటే వారు ఏ కేకా వినబడని చోటికి వెళ్ళిపోయారని. మరణించారనడానికి సాక్ష్యం లేదు, బ్రతికి ఉన్నారనడానికి ఆశ చాలదు. ఆ రెంటి నడుమ నిలిచిన స్థితికి మన భాషలో మరొక మాట లేకపోయింది. అందుకే గోలకు పెట్టిన పేరు నిశ్శబ్దానికి వచ్చి చేరింది.

తెలుగునాట ఈ మాట అత్యంత విస్తారంగా, అత్యంత దారుణంగా ప్రయోగమైన సందర్భం 1996 నవంబరు 6 నాటి తుపాను. దివిసీమ ఉప్పెన గురించి మనకు పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, ఏటేటా స్మరణ సభలున్నాయి. తొంభై ఆరు తుపానుకు అంతటి స్మృతి లేదు. ఉన్నంతలో అది కోనసీమలో కూలిన కొబ్బరితోటల స్మృతి. ఆ రాత్రి నేల మీద కాక నీటి మీద ఉన్నవారి చరిత్రను ఒకచోట చేర్చి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా జరిగినది జరిగినట్టుగా చెబుతాను. 1996 నవంబరు మొదటివారంలో బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం నవంబరు 5, 6 తేదీలలో వేగంగా బలపడి తీవ్రమైన తుపానుగా మారింది. 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, అంటే గోదావరి పాయలు సముద్రంలో కలిసే ప్రాంతంలో, తీరాన్ని దాటింది. దీపావళికి అప్పటికి ఇంకా నాలుగు రోజులు. గాలి వేగం గంటకు సుమారు 145 కిలోమీటర్లు. విస్తీర్ణంలో అది చిన్న తుపాను. కాని చిన్నదైనంత మాత్రాన కరుణ గలది కాదు. ఆరు లక్షలకు మించిన ఇళ్ళు దెబ్బతిన్నాయి. కోతకు వచ్చిన వరిపైరు నేలకొరిగింది. తరతరాల కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో మొదలంటా కూలిపోయాయి.

మరణించినట్టు ప్రభుత్వ లెక్కకు ఎక్కినవారు వెయ్యి మందికి పైబడ్డారు. ఆ లెక్క ప్రక్కనే మరొక లెక్క ఉన్నది. అది గల్లంతైన వారిది, మొదటి లెక్క కంటె పెద్దది. గల్లంతైన వారిలో అత్యధికులు రొయ్యల వేటకు, చేపల వేటకు సముద్రం మీదికి వెళ్ళిన మత్స్యకారులు. గౌతమీ ముఖద్వారం దగ్గరి భైరవపాలెం, బలుసుతిప్ప వంటి పల్లెలలో ఈ దెబ్బ తగలని వీధి లేదని చెప్పుకుంటారు. ఆ తుపానుకు పేరు కూడా లేదు. ఉత్తర హిందూ మహాసముద్రంలో తుపానులకు పేర్లు పెట్టే పద్ధతి 2004లో గాని మొదలు కాలేదు. కనుక జనం దానిని సంవత్సరంతోనే పిలిచారు, "తొంభై ఆరు తుపాను" అని.

ఇక్కడ చరిత్ర చదివేవానికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి ఊళ్ళమీద పడింది. సొర్లగొంది వంటి గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఘోరం తరువాత తీరమంతటా తుపాను షెల్టర్లు కట్టారు. వైర్‌లెస్ వ్యవస్థను బలపరిచారు. 1980లలో ఉపగ్రహం ద్వారా తీరప్రాంత కార్యాలయాలకు సైరనుతో సహా హెచ్చరికను చేర్చే పరికరాలు వచ్చాయి. ఫలితం 1990లో కనబడింది. ఆ ఏడాది మే 9న కృష్ణా ముఖద్వారం ప్రాంతాన్ని తాకిన తుపాను గాలి వేగం గంటకు 230 కిలోమీటర్లు దాటింది. అంతటి తుపానులోనూ మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఉన్నది. లక్షలాది జనాన్ని ముందుగానే తరలించడం వల్లనే అది సాధ్యమైంది.

అంటే 1977కూ 1990కీ మధ్య మనం ఒక పాఠం నేర్చుకున్నాం. మరి ఆరేండ్ల తరువాత, బలంలో 1990 నాటి దానికి చాలా తక్కువైన తుపాను అంతకు రెట్టింపు పైగా మనుషులను ఎలా పొట్టన పెట్టుకున్నది? రాత్రివేళ ఇళ్ళు కూలడం, సిద్ధం కావడానికి వ్యవధి చాలకపోవడం కొంత కారణం. కాని అసలు కారణం వేరు. మనం నేర్చుకున్న పాఠం నేలకు సంబంధించినది. షెల్టరు నేల మీద ఉంటుంది, సైరను నేల మీద మోగుతుంది, తరలింపు నేల మీద జరుగుతుంది. నీటి మీద ఉన్నవానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. హెచ్చరిక అన్నది ఒడ్డున పుట్టి ఒడ్డుననే పెరిగింది. దాని పుట్టుక ఎటువంటిదో చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

భైరవపాలానికి ఆట్టే దూరంలో లేని కోరంగి ఒకనాడు పెద్ద ఓడరేవు. ఓడలు కట్టి, మరమ్మతు చేసి, రంగూను దాకా సరుకులనూ మనుషులనూ చేరవేసిన రేవు అది. 1789 డిసెంబరులో వరుసగా మూడు పెద్ద అలలు ఆ రేవును ముంచాయి. మరల 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన తరువాత కోరంగి పూర్వవైభవంతో కోలుకోలేదు. కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ అనే పూర్వ నౌకాధిపతి ఈ సముద్రపు తుపానులను పట్టుదలగా పరిశీలించాడు. ఓడల దినచర్య పుస్తకాలను తెప్పించుకొని, ఏ గంటకు గాలి ఎటునుండి వీచిందో గుర్తించి, ఆ వివరాలన్నీ పటం మీద వేసి చూశాడు. గాలి సుడి తిరుగుతున్నదని ఆ పటాలు చెప్పాయి. 1848లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఈ సుడిగాలికి గ్రీకు భాష నుండి ఒక పేరు కల్పించాడు, "సైక్లోన్" అని. పాము చుట్ట చుట్టుకొన్న ఆకారం ఆయన మనసులో ఉన్నది. ప్రపంచమంతా నేడు వాడే ఆ మాట పుట్టుకలో బంగాళాఖాతపు తుపానులకూ, కోరంగి కథకూ భాగమున్నదన్నమాట.

పిడింగ్టన్ పుస్తకం నావికులకోసం వ్రాసినది. అందులో పారదర్శకమైన పలకలు కూడా జతచేశారు. తుపాను బొమ్మ గీసిన ఆ పలకను సముద్రపటం మీద పెట్టి, గాలి దిక్కును బట్టి సుడి నడుమ ఎక్కడున్నదో, ఓడను ఎటు మళ్ళించాలో తెలుసుకొనవచ్చు. దానిలోని సూత్రాన్ని సులువుగా చెప్పుకోవాలంటే, మన అర్ధగోళంలో గాలికి ముఖం పెట్టి నిలబడితే తుపాను నడుము ఇంచుమించు మన కుడిచేతి వైపు ఉంటుంది. ఎంతో విలువైన జ్ఞానం. కాని అది చేరినది ఇంగ్లీషు చదివి పటం చూడగలిగిన కప్తానులకు. అదే నీటి మీద తెప్పలు వేసుకొని తిరిగే మన పల్లెకారులకు ఆ పుస్తకంతో పనిపడలేదు. వారికి వారి తాతలు చెప్పిన గాలి గుర్తులే శాస్త్రం.

తరువాత 1864 వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మన మచిలీపట్నాన్ని రెండు తుపానులు ధ్వంసం చేశాయి. బందరు ఉప్పెనలో సుమారు ముప్ఫైవేల మంది పోయారు. ఈ దెబ్బతో ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు అందించే ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. క్రమంగా రేవులన్నిటిలో స్తంభాలు నాటి, పగలు గుర్తులు, రాత్రి దీపాలు ఎగురవేయడం అలవాటైంది. నేటికీ మనం వార్తలలో వినే "మూడవ నంబరు ప్రమాద సూచిక", "పదవ నంబరు ప్రమాద సూచిక" ఆ సంప్రదాయానివే. పదకొండవ నంబరుకు ఒక విశేషమున్నది. హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందనీ, స్థానిక అధికారి ప్రమాదాన్ని శంకిస్తున్నాడనీ దాని అర్థం.

రేవు స్తంభం మీది సూచిక ఎవరికోసం పుట్టింది? రేవులో ఉన్న ఓడకోసం, రేవు విడిచి బయలుదేరబోయే ఓడకోసం. ఓడ విలువైనది, అందులోని సరుకు విలువైనది. పల్లెకారు తెప్ప ఆ లెక్కలోనిది కాదు. అయినా ఆ రోజుల్లో అది పెద్ద లోటుగా కనబడి ఉండదు. తెప్పల మీదా, తెరచాప నావల మీదా వెళ్ళేవారు వేకువన పోయి పొద్దువాలేలోగా ఒడ్డుకు వచ్చేవారు. ఒడ్డు వారి కంటికి ఆనుతూనే ఉండేది. ఆకాశం రంగు మారినా, ఉత్తరపు గాలి పట్టు బిగిసినా, నీటి అడుగున "ఏదో తేడా" తోచినా తెరచాప తిప్పేవారు. మడ అడవుల నడుమ పాయల్లోకి నావలు తెచ్చి కట్టుకోవడం గోదావరి ముఖంలో పాత అలవాటు.

ఈ స్థితి మరపడవలతో మారింది. 1960ల నుండి ప్రభుత్వ ప్రోత్సాహంతో డీజిలు ఇంజను పడవలు తీరంలోకి వచ్చాయి. రొయ్యకు విదేశాలలో గిరాకీ పెరిగింది. రొయ్య దగ్గరలో తగ్గిన కొద్దీ పడవ దూరం పోయింది. దూరం పోయిన కొద్దీ ఒక్కపూట వేట గిట్టుబాటు కాలేదు. మంచు, బియ్యం, మంచినీళ్ళు, డీజిలు నింపుకొని రోజుల తరబడి సముద్రం మీదనే ఉండే వేట మొదలైంది. పడవకు ఒక సరంగు, అయిదారుగురు కళాసీలు. వచ్చిన సొమ్ములో ఖర్చులు తీసి పడవకు ఇంత, మనుషులకు ఇంత అని వాటాలు. వేట మధ్యలో తిరిగివస్తే డీజిలు ఖర్చు మీద పడుతుంది, మంచు కరుగుతుంది, వాటాలో మిగిలేది అప్పు. సరంగు నిర్ణయాన్ని గురించి ఒడ్డున కూర్చున్న మనం మాట్లాడేటప్పుడు ఈ లెక్కను మరువరాదు.

ఈ మార్పును గమనించండి. పడవ ఒడ్డుకు కనబడనంత దూరం పోయింది. రేవు స్తంభం మాత్రం తానున్నచోటనే ఉన్నది. తెప్పమీది తాతకు ఒడ్డు కనబడేది, మరపడవమీది మనుమనికి కనబడదు. దూరం పెరిగిన ఈ ముప్ఫై ఏండ్లలో హెచ్చరిక మాత్రం ఆ దూరం ప్రయాణించలేదు. తొంభై ఆరు విషాదానికి మూలమంతా ఇందులో ఉన్నదని నా అభిప్రాయం.

ఆకాశవాణి లేదా అని అడగవచ్చు. ఉన్నది. "మత్స్యకారులు సముద్రంలోకి వేటకు వెళ్ళరాదు" అన్న వాక్యం మన రేడియో వార్తలకు కొత్త కాదు. ఆ వాక్యాన్ని వ్యాకరణ దృష్టితో చూడండి. "వెళ్ళరాదు" అన్న నిషేధం ఇంకా వెళ్ళనివానికి వర్తిస్తుంది. నాలుగు రోజుల క్రితమే వెళ్ళినవానికి అది ఏమి చెబుతున్నది? ఇంజను రొదలో, ఉప్పుగాలిలో, చిన్న ట్రాన్సిస్టరు దూరపు నీటిమీద పలికితే పలుకుతుంది, లేకుంటే గరగరమంటుంది. పలికినా, ఆ వార్తకూ తుపానుకూ మధ్య వ్యవధి ఎంత? పైగా ఒక్కొక్క కార్తెలో రెండు మూడు వాయుగుండాలు పుట్టి బలహీనపడిపోవడం వారికి అనుభవమే. ప్రతి హెచ్చరికకూ తిరిగి వస్తే ఏడాదిలో సగం ఒడ్డునే ఉండాలి.

వ్యవధి సంగతి కొంత లెక్క వేసి చూద్దాం. అటువంటి మరపడవ ప్రశాంతమైన నీటిలో గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు పోతుంది. తీరానికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న పడవ నిలకడైన సముద్రంలో ఒడ్డు చేరడానికే ఆరేడు గంటలు కావాలి. గాలి ఎదురైతే, అల ఎదురైతే, ఆ ఆరు గంటలు పన్నెండు కావచ్చు, ఎప్పటికీ చేరకపోవచ్చు. తొంభై ఆరు తుపాను వాయుగుండం దశ నుండి తీరం దాటే దశ వరకు రావడానికి పట్టిన కాలం ఇంచుమించు ఒకటిన్నర, రెండు దినాలు. ఆ వ్యవధిలో మొదటి భాగం సరంగుకు అంతా మామూలుగా కనబడే కాలం. గాలి తీవ్రమై, తాను ప్రమాదంలో ఉన్నానని గుర్తించేసరికి, తప్పుకొనేందుకు కావలసిన గంటలు అప్పటికే గడిచిపోయి ఉంటాయి.

ఒడ్డు దగ్గరపడినా కష్టం తీరదు. నది సముద్రంలో కలిసేచోటును మనవాళ్ళు "మొగ" అంటారు. అక్కడ ఇసుకమేటల వల్ల లోతు తక్కువ. లోతునీటిలో సాగివచ్చిన అల మొగ దగ్గర అడుగు తగిలి పైకి లేచి విరుగుతుంది. మామూలు రోజుల్లోనే మొగ దాటించడం సరంగు నేర్పుకు పరీక్ష. తుపాను వేళ మొగ దాటబోవడం విరిగే గోడ కిందికి దూరడం వంటిది. దాటకుండా లోతున నిలిచి, పడవ ముక్కును గాలికి ఎదురుపెట్టి, ఇంజను ఆగకుండా చూసుకొంటూ రాత్రి గడపడం రెండవ మార్గం. ఇంజను ఆగిందంటే పడవ అలకు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను సముద్రం రెండవసారి క్షమించదు. ఇక తుపాను కన్ను పైనుండి పోతే మరొక మోసం ఉన్నది. కొంతసేపు గాలి నిలిచిపోతుంది, చుక్కలు కూడా కనబడవచ్చు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకొనేలోగా ఎదురుదిక్కు నుండి అంతకంత గాలి విరుచుకుపడుతుంది. నౌకాశాస్త్రం నూటయాభై ఏండ్ల క్రితమే వ్రాసిపెట్టిన సంగతులివి. ఆ రాత్రి సముద్రం మీద ఉన్నవారిలో అనేకులు వాటిని మొదటిసారి, చివరిసారి, ప్రత్యక్షంగా చూశారు.

నేను నివసించే లాలాగూడ సముద్రానికి మూడువందల కిలోమీటర్లకు పైగా దూరం. కాని ఇది రైల్వే కార్ఖానా ఊరు, 1893 నుండి. ఈ ఊళ్ళో పిల్లవానికైనా ఒక సూత్రం తెలుసు. స్టేషను మాస్టరు గదిలో సమాచారం ఉన్నంత మాత్రాన బండి భద్రం కాదు. ఒంటిలైను మీద నడిచే బండికి పూర్వం టోకెను పద్ధతి ఉండేది. ఆ టోకెను డ్రైవరు చేతికి అందితేనే బండి కదలాలి. అందలేదా, ఆగవలసినదే. సందేశం పంపామన్న తృప్తి కాదు, అది చేరవలసిన చేతికి చేరిందన్న రుజువు కావాలి. మేము రోజూ చూసే ఈ చిన్న ధర్మం మన సముద్రతీరానికి ఎందుకు వర్తించలేదు? నవంబరు 6న వాతావరణ శాఖ హెచ్చరించలేదని ఎవరూ అనలేరు. హెచ్చరిక రేవుకు చేరింది, కలెక్టరు కార్యాలయానికి చేరింది, రేడియోకు చేరింది. పడవకు చేరిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు ఒడ్డున మిగిలినవారి మాట. ఇంటి మనిషి శవమై తిరిగివస్తే దుఃఖానికి ఒక రూపం ఉంటుంది. గల్లంతైతే ఆ రూపం కూడా ఉండదు. 1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం, ఒక మనిషిని గురించి వినవలసినవారు ఏడేండ్లపాటు ఏమీ వినకపోతేనే అతడు మరణించినట్టు భావించవచ్చు. ఇటీవల దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం కొనసాగుతున్నది. ఏడేండ్లు! మరణ ధ్రువపత్రం లేనిదే బీమా లేదు, వితంతు పింఛను లేదు, పడవ అప్పు ఎవరి పేర వ్రాయాలో తేలదు. ప్రభుత్వాలు తలచుకొంటే ప్రత్యేక ఉత్తర్వులతో ఈ గడువును ప్రక్కన పెట్టి సహాయం చేయగలవు. కాని అది ప్రతిసారీ దయతో నడవవలసిన పని అవుతున్నది.

మన ధర్మశాస్త్రాలు కూడా ఈ చిక్కును ఎరుగుదువు. దేశాంతరం పోయి వార్త తెలియనివానికోసం పన్నెండేండ్లు ఎదురుచూడాలని, ఆపైన దర్భలతోనో, మోదుగాకులతోనో ప్రతికృతి చేసి సంస్కారం జరపాలని నిబంధనలు చెప్పాయి. శాస్త్రకారులు ఈ పన్నెండేండ్లను ఊరకే పెట్టలేదు. తిరిగివచ్చే అవకాశాన్ని గౌరవించారు. కాని ఆ పన్నెండేండ్లూ ఆ ఇంటి ఇల్లాలు ఎలా ఉండాలి? బొట్టు పెట్టుకోవాలా, మానాలా? పుస్తె ఉంచాలా, తీయాలా? పెట్టుకొంటే లోకం ఒక మాట అంటుంది, మానితే తన చేతులతో తానే మగని ఆశ తెంచుకున్నట్టవుతుంది. చట్టానికి ఏడేండ్లు, శాస్త్రానికి పన్నెండేండ్లు, కడుపుకు ఒక్కరోజు. మరునాడే పొయ్యి వెలిగించాలి. తొంభై ఆరు తరువాత గోదావరి ముఖంలోని పల్లెలలో ఈ ప్రశ్న వందలాది ఇళ్ళలో ఒకేసారి లేచింది. తుపాను నష్టం అంచనాలలో కొబ్బరిచెట్ల లెక్క ఉన్నది, వరి ఎకరాల లెక్క ఉన్నది. ఈ ఎదురుచూపుకు పట్టిక లేదు.

ఆ తరువాతి చరిత్ర కొంత ఊరటనిస్తుంది, కొంత కలవరపరుస్తుంది. ఇరవై ఒక్క ఏండ్ల తరువాత, 2017 నవంబరు చివర, ఓఖీ తుపాను కన్యాకుమారి వద్ద అతివేగంగా బలపడి కేరళ, తమిళనాడు మత్స్యకారులను సముద్రం మధ్యలో పట్టుకున్నది. తిరిగి అదే కథ. రోజుల ముందే వేటకు వెళ్ళినవారికి హెచ్చరిక అందలేదు. తీరం వేరు, భాష వేరు, శతాబ్దం వేరు, లోపం మాత్రం అదే. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి వందల సంఖ్యలో ఉన్నారు. ఒక్క విషయంలో మార్పు కనబడింది. గల్లంతైన వారి కుటుంబాలకు కూడా మృతుల కుటుంబాలతో సమానంగా సహాయం ఇవ్వాలని కేరళ ప్రభుత్వం నిర్ణయించింది. ఏడేండ్ల నిరీక్షణను మనుషులు తగ్గించగలరని అది నిరూపించింది.

ఓఖీ తరువాతనే సెల్‌ఫోను అందని దూరానికి సందేశం పంపే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. ఇందులో మన హైదరాబాదుకు పాత్ర ఉన్నది. సముద్రం లేని ఈ నగరంలో, ప్రగతినగర్‌లో, 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉన్నది. చేపలు ఎక్కడ దొరుకుతాయో, అల ఎంత ఎత్తున లేస్తుందో అక్కడినుండి తీరానికి చెబుతారు. ఉపగ్రహం ద్వారా పడవమీది పరికరానికి హెచ్చరిక పంపే "జెమిని" అనే సాధనం 2019లో వచ్చింది. ఆపదలో ఉన్న పడవ సంకేతం పంపితే, అది అందిందని తిరిగి పడవకు తెలిపే పరికరాన్ని ఇస్రో 2024లో ప్రవేశపెట్టింది. అదే ఏడాది లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలైంది. "అందింది" అన్న ఆ ఒక్క జవాబును చిన్నచూపు చూడకండి. 1865లో కలకత్తా రేవులో మొదలైన హెచ్చరిక, పడవదాకా పోయి తిరిగి రావడానికి నూటయాభై ఏండ్లకు పైగా పట్టింది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం పరిసరాలలో తీరం దాటింది. అదే గోదావరి ముఖం, దాదాపు అదే ఋతువు. కాని ఈసారి రోజుల ముందుగానే వేట ఆపించారు, పడవలను ఒడ్డుకు చేర్పించారు. తొంభై ఆరు వలె వందల పడవలు నడిసముద్రంలో చిక్కుకోలేదు. వేట ఆగిన రోజులకు కూలి ఎవరిస్తారన్న ప్రశ్న మిగిలే ఉన్నది. అయినా అది బ్రతికి ఉన్నవారు అడిగే ప్రశ్న. అంతవరకు సంతోషించాలి.

బంగాళాఖాతం మనకు దూరమని దక్కను వాసులం అనుకొంటాం. 1908 సెప్టెంబరు 28న మూసీని పొంగించి హైదరాబాదును ముంచిన వాన కూడా ఆ సముద్రం పంపినదే. తుపాను మేఘం మన దాకా వస్తుంది, తుపాను కథ మాత్రం తీరంలోనే ఉండిపోతున్నది. 1839, 1864, 1977, 1996, ఈ నాలుగూ నవంబరు తుపానులే. మొదటి మూడింటిలో పోయినవారికి కనీసం కూలిన ఊరు సాక్ష్యంగా మిగిలింది. నాలుగవ దానిలో పోయినవారికి నీరే సాక్షి, నీటికి నోరు లేదు.

కోనసీమ, కాకినాడ, ఉప్పాడ ప్రాంతాల మిత్రులకు ఒక విన్నపం. ఆ రాత్రి బ్రతికి బయటపడిన సరంగులు, కళాసీలు నేడు నా ఈడువారు, కొందరు నాకంటె పెద్దవారు. గాలులకు వారు పెట్టుకొన్న పేర్లు, నీటి గుర్తులు, ఆ రాత్రి పడవను నిలబెట్టిన ఉపాయాలు నిఘంటువులకెక్కలేదు. వారి మాట వారి యాసలోనే వ్రాసిపెట్టండి, దిద్దకండి. వీలైతే మీ ఊరినుండి వెళ్ళి తిరిగిరానివారి సంఖ్య కాక, వారు బయలుదేరిన పడవ ఎటువంటిదో, ఎన్నాళ్ళ వేటకు వెళ్ళారో, ఆఖరిసారి ఎవరికి కనబడ్డారో అడిగి తెలుసుకోండి. గల్లంతు అన్న మాటకు పాత అర్థం గోల అని మొదట చెప్పాను కద. కనీసం ఆ గోలనైనా మనం చెయ్యాలి.

సెలవు.